జీవదయ ఖాతా

 

ఈ సంచిక మొదట ప్రతి సంవత్సరము పండితులెవరో ఒకరు ధర్మోపన్యాసము వ్రాయుదురు. ఈ యేడు నన్ను వ్రాయుమన్నారు. నేను హైస్కూలుతో చదువు చాలించి తక్కెడ పట్టినవాడను. కావున శాస్త్రమునుండి కొంత, నా చిట్టానుండి కొంత చెప్పెదను. చిట్టా పాలే ఎక్కువగా నుండును, మన్నింపుడు. నేను చెప్పబోవునది మూగజీవికి ఆపరేషను చేయింపవలసి వచ్చినప్పుడు అయ్యెడి ఖర్చును గురించి. ధర్మోపన్యాసమునకు ఇదియొక విషయమా యని నవ్వువారు నవ్వవచ్చును. రెండేండ్ల క్రిందట నేనును నవ్వియుందును.

మా ఆవని ముళబాగిలు తాలూకాలోని చిన్న ఊరు. నొళంబరాజులనాటి రామలింగేశ్వర దేవాలయములు, కొండమీద సీతమ్మ గుడి, ఇవి చూచుటకు ఎందరో వత్తురు. రాముడు విడిచిపెట్టిన సీతకు వాల్మీకి ఆశ్రయమిచ్చినది ఇచ్చటనే యనియు, లవకుశులు ఇచ్చటనే పుట్టిరనియు ఊరివారు చెప్పుకొందురు. రవిషేణాచార్యుల పద్మపురాణములో కథ వేరు. అడవిలో ఏడ్చుచున్న సీతను పుండరీకపుర రాజు వజ్రజంఘుడు చూచి, తోబుట్టువుగా భావించి తన యింటికి కొనిపోయినాడు. అనంగలవణుడు, మదనాంకుశుడు అచ్చటనే పుట్టి పెరిగినారు. ఏది నిజమని నేను మా ఊరివారితో వాదింపను. రెండు కథలలోను నిండుచూలాలిని విడిచినవారొకరు, ఆమె భారము మోసినవారు మరియొకరు. వజ్రజంఘుడు ఆ పూట “ఇంట అడిగి రేపు చెప్పెదను” అని యుండినచో ఏమగునో మీరే ఊహింపుడు. నేను అట్లే అన్నాను. ఆ సంగతియే ముందు చెప్పెదను.

మహాశివరాత్రి తరువాత ఆవనిలో పెద్ద పరస జరుగును. హళ్ళికారు ఎద్దుల కొరకు చిత్తూరు జిల్లానుండి, తమిళదేశమునుండి కూడ రైతులు వత్తురు. మాది బూసా, పిండిచెక్క అంగడి గనుక ఆ దినములలో తల యెత్తుటకు తీరికయుండదు. రెండేండ్ల క్రిందటి పరసలో, చీకటి పడు వేళ, ఎద్దులను దింపి వెనుకకు మళ్ళుచున్న టెంపో ఒకటి మా అంగడి చూరు క్రింద పండుకొను కుక్క కాలిమీద ఎక్కినది. దానికి పేరు లేదు. ఆరేండ్లుగా మా యింటి యన్నము తినుచు, రాత్రి మూటలకు కావలి కాయుచున్నది. వెనుక కాలి యెముక విరిగి చర్మము చీల్చుకొని బయటికి వచ్చినది. మా అంగడి కుర్రవాడు దానిని గోనెపట్ట మీద పెట్టుకొని, “సేటూ, పానముండాది. ఏదన్నా చేయండి సేటూ” అని ఏడ్చినాడు.

మరునాడు ఉదయము కారులో నగరమునకు తీసికొనిపోయి ఒక ప్రైవేటు పశువైద్యునకు చూపినాము. ఆయన ఎక్స్‌రే తీసి, లోపల స్టీలు పలక వేసి మరలతో బిగింపవలెననియు, నాలుగు దినములు అచ్చటనే ఉంచవలెననియు, అంతయు కలిపి 38,000 రూపాయలు కావచ్చుననియు చెప్పినాడు. గాయము తెరచుకొని యున్నది గనుక ఆలస్యము కూడదని కూడ చెప్పినాడు. ఆయన దాచినది ఏమియు లేదు. కట్టు కట్టించి, “ఇంట అడిగి రేపు చెప్పెదను” అని నేనే లేచి వచ్చినాను.

ఇంట అడుగవలసిన పని లేదు. ఆ పరసకు పది దినముల ముందు ఒక ప్రతిష్ఠామహోత్సవములో తొలి కలశమునకు నేను 51,000 రూపాయలకు బోలీ పలికియుంటిని. మా యింటివారు ఒక్క మాటే అడిగినారు: “కలశానికి ఎవరిని అడిగి పలికితిరి?” నాకు కోపము వచ్చినది. జవాబు మాత్రము రాలేదు.

నా సాకు కూడ చెప్పవలెను గదా. పరస సరుకు కొరకు చేతిలోని రొక్కమంతయు మూటలలో పెట్టియుంటిని. అది అబద్ధము కాదు. కాని అట్టి దినములలోనే పెండ్లి వచ్చినచో ఎచ్చటనుండియో తెచ్చియుందును. తెలిసినవారికి ఫోను చేసి సలహాలు అడిగినాను. “వీధికుక్కకా!” అన్నాడొకడు. “సూది వేయించి బాధ తీర్చుము” అన్నాడింకొకడు, మనవాడే. ఇట్లు నాలుగు దినములు గడచినవి. అయిదవ దినము సరుకు అమ్ముడై రొక్కము చేతికి వచ్చుసరికి ఎముకకు చీము పట్టినది. ఇక పలక వేయుటకు వీలు లేదు, కాలు తీసివేయవలె నన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో తొడ దగ్గర తీసివేసినారు. కారు బాడుగ, మందులు అన్నియు కలిపి 12,000 అయినది.

అనగా 26,000 మిగిలినది. ఆ మిగులు మూడు కాళ్ళమీద నేటికిని మా చూరు క్రింద తిరుగుచున్నది.

ఇందులో హింస ఎచ్చట కలదని నన్ను నేను చాలకాలము అడుగుకొన్నాను. టెంపోవాడు కావలెనని చేయలేదు. డాక్టరు దయతోనే కోసినాడు. ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో హింసకు ప్రాణహానిని మాత్రమే లక్షణముగా చెప్పలేదు, దానికి ప్రమత్తయోగమును జోడించినారు. అజాగ్రత్త, ఉపేక్ష, కషాయము కలసినప్పుడు అది హింస. శస్త్రవైద్యుని చేతిలోని కత్తి, కటికవాని చేతిలోని కత్తి ఒకటి కావని మన పెద్దలు చెప్పుటకు ఆధారమిదియే. అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. వధ యనగా ఇచ్చట కొట్టుట. ఛేదమనగా అవయవములు కోయుట. మనలో ఎవ్వరును పశువు చెవి గాని తోక గాని కోయరు గనుక మూడవ అతిచారము మనకు అంటదని నేను అనుకొనెడివాడను. కాలు కోసినది డాక్టరు. ఆ ఛేదము నాది.

నడుమ ఒక చిన్న మాట. ఆపరేషనుకు ముందటి రాత్రి కుక్కకు అన్నము పెట్టవద్దని డాక్టరు చెప్పగా, మా తల్లిగారు, “ఇది అన్నపాననిరోధము కాదట్రా?” అని పట్టుకొన్నారు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో అన్నముండినచో వాంతియై ఊపిరితిత్తులలోనికి పోవును, ప్రాణమునకే మోసము. ఆ మాట వివరించి చెప్పినాను. ఎనుబది దాటిన ఆమె ఆ రాత్రి తానును భోజనము చేయలేదు. కుక్కకు లేదు గనుక తనకు వద్దన్నారు. ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేను వినలేదు.

ఇక దానము సంగతి. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని చతుర్విధదానములు మనకందరకు కంఠతా వచ్చును. సమంతభద్రాచార్యులు రత్నకరండశ్రావకాచారములో దానమునకు నలుగురిని దృష్టాంతముగా చెప్పుచు ముగ్గురు మనుష్యులను, ఒక పందిని పేర్కొన్నారు. గుహలోని మునిని పులి బారినుండి కాపాడి ప్రాణము విడిచిన అడవిపంది అది. దాతల పట్టికలో మూగజీవికి చోటు దొరికినది, చూడుడు. మునులకు ఇచ్చునది పాత్రదానము. బాధపడు ప్రాణికి ఇచ్చునది దయాదత్తి యని జినసేనాచార్యులు వేరుగా పేరు పెట్టినారు. మన దేవాలయముల చలువరాతి పలకలమీద పాత్రదాతల పేర్లు నిండియున్నవి. దయాదత్తికి పలక లేదు. అందుచేత దానికి బోలీ కూడ లేదు.

చిట్టాకు వత్తును. ఆపరేషను ఖర్చు అనగానే మనవారు ఒక్క అంకెను పట్టుకొందురు. అది తప్పు. మూట ధర వేరు, హమాలీ వేరు, లారీ బాడుగ వేరు అని మనకు తెలియదా? ఇచ్చటను అట్లే. రక్తపరీక్ష, ఎక్స్‌రే మొదట వచ్చును. మత్తుమందు జంతువు బరువునుబట్టి పెరుగును. ఎముకకైతే పలక, మరలు లేక కడ్డీ. ఆసుపత్రిలో ఉంచిన దినములకు వేరు. ఇచ్చటితో అయిపోయినదని మనమనుకొనుట కలదే, అచ్చటనే మోసపోవుదుము. కుట్లు నాకకుండ మెడకు వేయు గరాటు పట్టీ, దినము విడిచి దినము కట్టు మార్చుట, మందులు, కొన్ని వారములకు మరల ఎక్స్‌రే, ఒక్కొక్కప్పుడు కడ్డీ తీయుటకు మరల మత్తు. అన్నిటికంటె దొంగఖర్చు ప్రయాణము. ఆవనినుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. కారు నాలుగు మార్లు పోయివచ్చినచో ఆ బాడుగయే చిన్న ఆపరేషనుకు సరిపోవును.

కావున డాక్టరును ధర అడుగుటకు సిగ్గుపడకుడు. దయకు వెల కట్టుట పాపమని మనలో ఒక వట్టి నమ్మకము కలదు. అడుగకుండ ఒప్పుకొని నడుమ చికిత్స మానిపించుటకంటె అడిగి తెలిసికొనుట మేలు. తక్కువలో తక్కువ ఎంత, చిక్కు వచ్చినచో ఎంతవరకు పోవును, ఈ దినమే చేయవలెనా లేక రెండు దినములు ఆగవచ్చునా, కోత లేకుండ పట్టీతో కుదురునా, చేసిన పిమ్మట అది ఎట్లు బ్రతుకును అని అడిగి కాగితముమీద వ్రాయించుకొనుడు. బేరము మాత్రము మండీలో వలె ఆడకుడు. చికిత్సలో రెండు మూడు మార్గములుండును, మన శక్తికి తగిన మార్గమేదని అడుగవచ్చును. నన్ను ఎవ్వరును అడుగవద్దనలేదు. నాలుగు దినములు ఆగినచో ఏమగునని ఆ మొదటి దినముననే నేను అడిగియుండినచో, నాకు నిద్ర పట్టియుండదు, కుక్కకు కాలు మిగిలియుండును.

మన ప్రాంతమునకు ఉన్న సదుపాయములు కొద్దివేమి కావు. 1962 అను నంబరుకు ఫోను చేసినచో ప్రభుత్వ సంచార పశువైద్యవాహనము ఊరికే వచ్చును. పెద్ద పనికి బెంగళూరు హెబ్బాళలో 1958లో ఏర్పడిన పశువైద్యకళాశాల ఆసుపత్రి, ఆంధ్రవైపు వారికి 1955 నాటి తిరుపతి కళాశాల, మదరాసు వేపేరిలో 1903 నాటి కళాశాల కలవు. ఇట్టి చోట్ల ఫీజు స్వల్పమే. లోపల వేయు పలకలు, కొన్ని మందులు మనము కొనవలసి రావచ్చును, దానికి సిద్ధపడి పోవలెను. ఈ మధ్య పెంపుడు కుక్కలకు బీమా ఇచ్చు కంపెనీలు వచ్చినవి. వయసునకు మితి పెట్టుదురు, ముందే యున్న జబ్బుకు ఇవ్వరు. చూరు క్రింది కుక్కకు ఆ బీమా పనికిరాదు.

ఆవుల లెక్క మరియొక విధము. పోయిన యేడు వానలు వెలిసిన పిమ్మట, మా అంగడిలో అప్పుకు బూసా తీసికొనెడి ఒకామె వచ్చి, “సేటూ, మూడు దినాలుగా ఆవు మేత ముట్టలే. నెమరేసేది లేదు, కడుపు ఉబ్బుకొనుండాది” అన్నది. డాక్టరు వచ్చి చూచి మొదటి కడుపులో ప్లాస్టిక్ పేరుకొని యుండునన్నాడు. పెండ్లిండ్లలో మిగిలిన అన్నమును మనము కవరులో ముడివేసి పారవేయుదుము. ముడి విప్పుట ఆవునకు రాదు, కవరుతోనే మ్రింగును. పుట్టపర్తిలో కరుణా సొసైటీ యను సంస్థవారు ఇట్టి ఆవులకు కడుపు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ తీసినారు. ఆ సంగతి 2012లో “ది ప్లాస్టిక్ కౌ” అను చిత్రముగా వచ్చినది. అదే యేడు వారు సుప్రీంకోర్టుకు కూడ పోయినారు.

ఆ ఆపరేషను నేను దగ్గర నిలిచి చూచినాను. ఆవును పడవేయలేదు. నిలువబెట్టియే ఎడమ డొక్కకు మొద్దుబార్చు సూదులు వేసి, చర్మము, కండరములు కోసి, కడుపు గోడను పైకి లాగి చర్మమునకు కుట్టి, అప్పుడు తెరచినారు. కడుపులోనిది లోపలి పొరలలో చిందకుండుటకు అట్లు చేయుదురట. డాక్టరు భుజమువరకు చేయి పెట్టి తీయుచునే యున్నాడు. పేటలో మా అంగడి పేరు అచ్చువేసిన సంచి కూడ అందులోనుండి వచ్చునేమోనని నేను భయపడుచు చూచినాను. రాలేదు. రాకుండుట నా పుణ్యము కాదు. కుట్లు వేసిన పిమ్మట ఆరోగ్యముగానున్న మరియొక ఆవు నెమరురసము తెచ్చి త్రాగించినారు. పన్నెండవ దినమున కుట్లు విప్పినారు.

ఇందులో మందులు, దారము ఖర్చు ఆమెను కుంగదీయలేదు. కుంగదీసినది పాలు. ఆవు తేరుకొనువరకు పాలు తగ్గును. ఆ పైన మందుల ప్రభావము పోవువరకు పాలు డైరీకి పోయరాదు. వారము వారము డైరీ డబ్బుతో ఇల్లు గడుపుకొనునామెకు ఆపరేషను ఖర్చు అనగా ఇదియే. ఆవును అమ్మివేయుమని ఇరుగుపొరుగువారు చెప్పినది కూడ ఇందుకే. ఆ స్థితిలోని ఆవును కొనువాడు ఎచ్చటికి తోలుకొనిపోవునో మనకందరకు తెలియును. రెండు నెలలు ఆమె తీసికొనిన బూసాను నేను బాకీలో వ్రాయలేదు. ఇది గొప్పకు చెప్పుట లేదు. మూడు కాళ్ళ కుక్క ఆ యెదుటనే పండుకొనియుండగా బాకీ వ్రాయుటకు చేయి రాలేదు. ఆవు బ్రతికినది.

అయితే ఎల్లప్పుడును కోయుటయే దయయా? కాదు. ముసలిదై, ఒడలంతయు పుండు వ్యాపించిన జీవికి కోతవలన బాధయే తప్ప బ్రతుకు లేదని డాక్టరు చెప్పినప్పుడు వినవలెను. జీవంధరకుమారుని కథ మీకు తెలిసినదే. కొట్టబడి కొనయూపిరితోనున్న కుక్కను బ్రతికింపవలెనని ఆయన ముందు యత్నించినాడు. ఇక వీలులేదని తెలిసిన పిమ్మట దాని చెవిలో పంచనమస్కారము చెప్పినాడు. అది యక్షుడై పుట్టి తరువాత ఆయనకు ఎన్నో మారులు తోడ్పడినది. కథలోని క్రమమును గమనింపుడు: యత్నము ముందు, మంత్రము తరువాత. మనము ఖర్చునకు వెరచి మంత్రముతో మొదలుపెట్టుదుము. “దాని కర్మము” అందుము. చేయగలిగినది చేసి, చేయలేనప్పుడు నీడ, నీరు, మెత్తని పడక, నొప్పి తగ్గించు మందు ఇచ్చి ప్రక్కన కూర్చుండుట కూడ చికిత్సయే. దానికిని కొంత ఖర్చు కలదు, అది చిన్నది.

మన పెద్దలు ఈ ఖర్చును ఎట్లు భరించిరి? బొంబాయిలో తెల్లవారు వీధికుక్కలను చంపించుచుండగా 1832లో పట్టణము అల్లరియైనది. రెండేండ్లకు, 1834లో, పారసీకుడైన జంషెడ్జీ జీజీభాయి, మన అమీచంద్ షా కలసి అచ్చట పాంజరాపోలు స్థాపించినారు. గుజరాతులోని పాంజరాపోళ్ళు చాలవరకు వర్తకులు సరుకుమీద తమకు తామే వేసికొనిన “లాగా” వలన నడచినవి. బేళ్ళకు ఇంత, మూటకు ఇంత అని లెక్క. పశువు మూలిగినప్పుడు చందాకు బయలుదేరలేదు, అమ్మకము జరిగినప్పుడే తీసి ప్రక్కన పెట్టినారు. ఢిల్లీలో ఎర్రకోట యెదుట లాల్ మందిరములోని పక్షుల ఆసుపత్రి నేటికిని ఉచితముగా నడచుచున్నది. మా కోలారు ఒకప్పుడు కువలాలపురమై గంగరాజులకు రాజధాని. సింహనంద్యాచార్యుల ఆశీస్సుతో వెలసినదని చెప్పు వంశము అది. ఆ వంశపు బూతుగుని కాలములో, 10వ శతాబ్దిలో, పందితో పోరి చచ్చిన “కాళి” యను కుక్కకు ఆతకూరులో శిల నిలిపినారు. ఆ శిల ఇప్పుడు బెంగళూరు మ్యూజియములో కలదు. వేట మనకు సమ్మతము కాదు. అయినను, చచ్చిన కుక్కకు శిల నిలిపిన నేల ఇది. బ్రతికియున్న కుక్కకు ఒక ఖాతా తెరువలేమా?

ఆలయద్రవ్యమును దీనికి వాడరాదు. ఆ నియమము సరియైనదే, దానిని కదల్పవలెనని నేను చెప్పను. అందుచేతనే వేరు ఖాతా కావలెను. పరిగ్రహపరిమాణవ్రతము పట్టిన గృహస్థుడు తన మితికి మించినదానిని ఎచ్చటనో పెట్టవలెను గదా. దీపావళినాడు క్రొత్త పుస్తకమునకు పూజ చేసినప్పుడు “శుభము, లాభము” వ్రాసిన పుట తరువాతి పుటకు “జీవదయ” యని పేరు పెట్టుడు. మా అంగడిలో పోయిన దీపావళినుండి మూటకు ఒక రూపాయి చొప్పున తీయుచున్నాము. కొనువారిమీద వేయలేదు.

ఒక్క జీవికి ఎంతవరకు ఇవ్వవచ్చును? ఈ ప్రశ్నమీద మాలో తగవు వచ్చినది. ఒక్క కుక్కకు 38,000 పోసినచో ఆ సొమ్ముతో ఎన్ని ఆవులు నిలుచునో అని ఒకరు లెక్క చెప్పినారు. లెక్క తప్పు కాదు. కాని ఎదుట పడియున్న ప్రాణిని, ఇంకను జబ్బుపడని ఆవులతో తూచుట నాకు రుచింపలేదు. చివరకు ఖర్చులో సగము ఖాతా, సగము పెంచువారు అనియు, నిరుపేదలైనచో అంతయు ఖాతాయే అనియు, అడిగిన దినమే సూర్యాస్తమయమునకు ముందు అవునో కాదో చెప్పవలెననియు నిర్ణయించినాము. సూర్యాస్తమయపు షరతు నేను పెట్టించినదే. డబ్బాకు తాళపుచెవులు రెండు. ఒకటి నావద్ద, రెండవది నన్ను ఆనాడు ప్రశ్న అడిగిన మా యింటివారివద్ద.

పుస్తకము తెరచినప్పుడు మొదటి పద్దు నా పేరనే వ్రాసినాను: పాతబాకీ, 26,000 రూపాయలు, జమ.